తాతగారి పాత కారు: ఉన్నది ఉన్నట్టు నడిపించాలా, మొత్తం విప్పించాలా, ఇంజిన్ మార్చాలా, అమ్మేయాలా

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత ఇళ్ళ పక్కన రేకుల షెడ్డుల్లో ఇప్పటికీ అంబాసిడర్లు, ఫియట్లు నిలబడే ఉన్నాయి. తాతగారు ఉన్నంతకాలం ఆయనే తుడుచుకునేవారు, ఆయన పోయాక తాళం గోడకి వేలాడుతూనే ఉంటుంది గానీ బండి జోలికి ఎవరూ వెళ్ళరు, టైర్లలో గాలి దిగిపోతుంది, సీట్లలో ఎలకలు చేరతాయి, చివరికి ఏదో పండక్కి అందరూ కలిసినప్పుడు దీన్ని ఏం చేద్దాం అనే మాట వస్తుంది. బాబాయ్ అమ్మేద్దాం అంటాడు, పెద్దన్నయ్య మొత్తం విప్పించి షోరూమ్ బండిలా చేయిద్దాం అంటాడు, కుర్రాళ్ళు కొత్త ఇంజిన్ వేసి ఏసీ పెట్టిద్దాం అంటారు. మూడూ చేయదగ్గవే. కానీ అన్ని బండ్లకీ అన్నీ సరిపడవు, పైగా ఒక దారిలో కొంత దూరం వెళ్ళాక వెనక్కి రావడం కుదరదు, అందుకే రూపాయి ఖర్చు పెట్టకముందే ఏ దారో తేల్చుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఎక్కువమందికి సరిపడేది వీటిలో లేని నాలుగోది: బండిని భద్రంగా నడిచేలా చేసి, తుప్పుని ఆపి, రంగు, సీట్లు, డాష్‌బోర్డు మాత్రం తాతగారు వాడినట్టే ఉంచేయడం. మా ఇంట్లో ఉన్న మార్క్ 2 అంబాసిడర్‌కి మేం చేసింది ఇదే. స్టీరింగ్ మీద ఆయన రెండు చేతులూ పట్టుకునే చోట నలుపు అరిగి నున్నగా అయిపోయింది, డ్రైవర్ తలుపు అంచు మీద మోచెయ్యి ఆనించే చోట రంగు పోయి కింద ప్రైమర్ కనపడుతుంది. మా టింకరింగ్ మేస్త్రీ ఆ అంచుకి కూడా రంగు కొట్టేస్తానంటే మా నాన్న ఒప్పుకోలేదు. రంగు ఎప్పుడు కావాలన్నా వేయించుకోవచ్చు కదా, ఆ అరుగుదల మాత్రం ఎంత డబ్బు పెట్టినా మళ్ళీ రాదు.

అయితే ఈ దారి కుదరాలంటే బండి ఒళ్ళు బాగుండాలి. ఇక్కడే చాలామంది తప్పు చోట చూస్తారు, బానెట్ ఎత్తి ఇంజిన్ చూస్తారు, రంగు చూస్తారు. సాలూరు వైపు లారీ బాడీలు కట్టిన ముసలి మేస్త్రీ ఒకాయన మా బండి చుట్టూ ఒకసారి తిరిగి నాతో అన్న మాట ఇది: "రంగు కాదు బావూ చూడాల్సింది, కింద పడుకోని చూడు, రేకే సెప్పుద్ది అంతా." అంబాసిడర్‌కి లారీలా విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. తలుపుల కింద పొడుగ్గా వెళ్ళే బాక్సు రేకు, నేల రేకు, వెనక కమాను కట్టలు పట్టుకునే చోటు, జాకీ పెట్టే చోటు, ఇవన్నీ బండి బరువు మోసే భాగాలు. వీటిలో తుప్పు పట్టిందంటే అది అందానికి సంబంధించిన సమస్య కాదు, బండి నడుం విరిగే సమస్య.

చూసే పద్ధతి ఇలా. పగటిపూట, బండిని స్టాండ్ల మీద ఎత్తి, జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందకి దూరకండి దయచేసి, ఒక లావుపాటి స్క్రూడ్రైవర్ తీసుకుని దాని పిడితో ఆ బాక్సు రేకు పొడుగునా కొట్టుకుంటూ వెళ్ళండి. మంచి రేకు కంగుమంటుంది. కుళ్ళిన చోట, లేదా ఎప్పుడో లప్పం పెట్టి మూసేసిన చోట, శబ్దం మెత్తగా చచ్చిపోయినట్టు వస్తుంది. అలాంటి చోట మొనతో నొక్కితే లోపలికి దిగిపోతుంది, దిగితే దిగనివ్వండి, ఇప్పుడు తెలియడమే మంచిది. తర్వాత లోపల రబ్బరు మ్యాట్లు మొత్తం ఎత్తి చూడండి, డికీలో స్టెప్నీ పెట్టే గుంట చూడండి, తలుపుల అడుగు అంచు చూడండి, అక్కడ నీళ్ళు పోయే చిన్న కన్నాలు మట్టితో మూసుకుపోయి లోపల నీళ్ళు నిలబడి ఉంటాయి. ఒక అయస్కాంతం ముక్క జేబులో ఉంచుకుంటే లప్పం ఎక్కడ మందంగా ఉందో అదే చెబుతుంది, లప్పం ఉన్న చోట అతుక్కోదు.

కళింగపట్నం, బారువ, భోగాపురం లాంటి సముద్రం పక్క ఊళ్ళల్లో నిలబడ్డ బండికీ, బొబ్బిలి, సాలూరు, పాలకొండ వైపు లోపల నిలబడ్డ బండికీ చాలా తేడా ఉంటుంది, ఉప్పుగాలి రేకుని లోపలి నుంచి తినేస్తుంది. 2014 హుద్‌హుద్‌కో 2018 తిత్లీ తుఫానుకో నీళ్ళల్లో నానిన బండి అయితే ఇంకా జాగ్రత్త. సీటు కింద, నేల రేకు మడతల్లో, బాక్సు లోపల సన్నటి బురద పేరుకుని ఉందా చూడండి. ఆ బురద తేమని పట్టి ఉంచుతుంది, పైకి ఏమీ కనపడదు.

ఈ పరీక్షలో నేలా బాక్సులూ గట్టిగా ఉన్నాయని తేలితే మధ్యదారి, అంటే నేను ముందు చెప్పిన నాలుగోది, మీకు ఖాయం. రెండు మూడు చోట్ల చెయ్యంత మేర పోయిందంటే ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించి ఇదే దారిలో వెళ్ళొచ్చు. పొడుగునా పోయింది, కమాను కట్టల దగ్గర కూడా పోయింది అంటే మాత్రం మొత్తం విప్పడమో, వదులుకోవడమో, ఆ రెండే. అప్పుడు మధ్యదారి అనుకుంటూ ముక్కలు అతికించుకుంటూ పోతే మొత్తం విప్పినంత ఖర్చూ అవుతుంది, విప్పిన ఫలితం కూడా ఉండదు.

బండి ఏదన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అంబాసిడర్ 1950ల చివర నుంచి 2014 మే దాకా కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో తయారయ్యింది, మధ్యలో మార్క్ 2, 3, 4, నోవా అని పేర్లు మారినా మెకానికల్ సామాన్లు చాలా ఏళ్ళపాటు దగ్గర దగ్గరగానే ఉన్నాయి, కాబట్టి పాత బండ్లలో సామాను దొరకడం తేలికైనది ఇదే. 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ చాలా సాదా ఇంజిన్, మన వైపు యాభై దాటిన మెకానిక్కులు కళ్ళు మూసుకుని విప్పుతారు. ఫియట్, అంటే తర్వాత ప్రీమియర్ పద్మిని అయ్యింది చూడండి, అది 1089 సీసీ, బండి తేలిక, నడపడానికి హాయి, కానీ దానికీ విడి చాసిస్ లేదు, రేకు పరీక్ష దానికి కూడా ఇంతే గట్టిగా చేయాలి. బొంబాయిలో టాక్సీలుగా ఎన్నో ఏళ్ళు తిరిగిన బండి కాబట్టి సామాను అటు నుంచి వస్తుంది. స్టాండర్డ్ హెరాల్డ్ అయితే దానికి విడి చాసిస్ ఉంది, బాడీ కుళ్ళినా ప్రాణం పోదు, కానీ మద్రాసులో ఆ బండి తయారీ 1970ల మొదట్లోనే ఆగిపోయింది, ఒక్కో ముక్క కోసం నెలలు ఎదురు చూసే ఓపిక ఉంటేనే దిగండి. ఇక ఏజెన్సీ వైపు తాతలు వాడిన జీపు గనక మీకు వచ్చిందంటే మీరు అదృష్టవంతులు, నిచ్చెన చాసిస్, బాడీ రేకులు కొత్తవి కూడా దొరుకుతాయి, మొత్తం విప్పే పని కూడా జీపుకి చాలా తక్కువలో అవుతుంది.

ఏ దారి ఎంచుకున్నా ముందు చేయకూడని పని ఒకటుంది, బ్యాటరీ తెచ్చి పెట్టి సెల్ఫ్ కొట్టేయడం. ఏళ్ళ తరబడి ఆగిన ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి అతుక్కుని ఉంటాయి, సెల్ఫ్ బలంగా తిప్పితే రింగు విరుగుతుంది, గోడ గీసుకుపోతుంది, ఊరికే పోయే పని రీబోర్ దాకా, అంటే సిలిండర్ గోడ మళ్ళీ చెక్కించే దాకా, వెళుతుంది. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్లో కాస్త ఇంజిన్ ఆయిల్ పోసి, కనీసం ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకుని, ముందు బంపర్ దగ్గర కన్నంలోంచి హ్యాండిల్ పెట్టి మెల్లగా చేత్తో తిప్పండి. తిరిగితే ప్రాణం ఉన్నట్టే. తిరగకపోతే బలవంతం చేయొద్దు, ఇంకాస్త ఆయిల్ పోసి ఇంకొన్ని రోజులు ఆగండి. చేత్తో సాఫీగా తిరిగాక పాత ఇంజిన్ ఆయిల్ మార్చి, ట్యాంకులో ఉన్న పాత పెట్రోలు ఒక్క చుక్క లేకుండా తీసేసి, విడిగా చిన్న డబ్బాతో కొత్త పెట్రోలు అందించి, అప్పుడు స్టార్ట్ చేయాలి. మా బండి మొదటిసారి దగ్గి అందుకున్నప్పుడు సైలెన్సర్లోంచి తుప్పు పొడి, పొగ, ఏదో పక్షి గూడు పుల్లలు అన్నీ వెలుపలికి వచ్చాయి, మా నాయనమ్మ గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు వింటూ ఉండిపోయింది. స్టార్ట్ అయ్యిందని రోడ్డెక్కేయొద్దు మాత్రం, బ్రేకులు చూడకుండా ఎక్కడికీ వెళ్ళేది లేదు.

మధ్యదారిలో ఖర్చు ఎక్కడ పెట్టాలంటే నా వరస ఇది: బ్రేకులు, టైర్లు, స్టీరింగ్, వైరింగు, ఆ తర్వాతే ఇంజిన్. పాత అంబాసిడర్‌కి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది కాబట్టి ఆగి ఉన్న బండిలో వీల్ సిలిండర్లు లోపల తుప్పు పట్టి పట్టేసి ఉంటాయి. కిట్లు మార్చి సరిపెట్టుకోవడం కన్నా సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, రబ్బరు హోసులు మొత్తం మార్చేయండి, ఇందులో బేరం ఆడొద్దు. టైర్లు 5.90-15 సైజు, బొడిపెలు ఎంత బాగున్నా పదేళ్ళు దాటిన టైరు వద్దు, రబ్బరు గట్టిపడిపోయి రోడ్డుని పట్టుకోదు. ముందు చక్రాలు అటూ ఇటూ తిరగడానికి ఉండే కింగ్ పిన్నులకి గ్రీసు కొట్టే నిపిల్స్ మూసుకుపోయి ఉంటాయి, శుభ్రం చేసి గ్రీసు కొట్టాక కూడా చక్రం పట్టుకుని ఊపితే ఆడుతోందంటే పిన్నులు మార్చాలి. వైరింగు ఎలకలు కొరికి ఉంటే అతుకులు వేయకుండా మొత్తం కొత్తది లాగించండి, పాత బండ్లలో ఫ్యూజులు చాలా తక్కువ, కొత్త వైరింగులో ఒక్కో లైనుకి ఒక్కో ఫ్యూజు పెట్టిస్తే మంట పుట్టే భయం పోతుంది, చూసేవాళ్ళకి ఆ తేడా కనపడదు కూడా. ఇవన్నీ మళ్ళీ వెనక్కి తిప్పుకోగల పనులు, ఎప్పుడైనా మొత్తం విప్పించాలి అనిపిస్తే ఈ డబ్బు వృథా పోదు, అందుకే ఈ దారి అంటే నాకు ఇష్టం.

ఇంజిన్ విప్పే పరిస్థితే వస్తే హెడ్డు పనిలో ఒక్క మాట లేత్ వాళ్ళకి గుర్తు చేయండి. మన దేశంలో సీసం కలిసిన పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుంచి ఆగిపోయింది. ఈ పాత ఇంజిన్లు ఆ సీసాన్ని నమ్ముకుని చేసినవి, వాల్వు కూర్చునే చోటుని అదే అరగకుండా కాపాడేది. కాబట్టి హెడ్డు చేతికి వచ్చినప్పుడే ఎగ్జాస్ట్ వాల్వులకి గట్టి సీట్లు వేయించేయాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, అది నీటిని లాక్కుంటుంది, పాత రబ్బరు పైపుల్ని మెత్తబరిచి కరిగిస్తుంది. పెట్రోలు లైను అంతా ఇథనాల్ తట్టుకునే రబ్బరుతో మార్చాలి, కార్బురేటర్ కిట్టు మార్చాలి, బండి నెలల తరబడి ఆగేట్టుంటే ట్యాంకులో పెట్రోలు ఉంచకూడదు. ఈ పెట్రోలు లైను, కార్బురేటర్ పని మాత్రం పాత ఇంజిన్‌తో నడిపే ఏ దారిలో వెళ్ళినా తప్పదు.

ఇప్పుడు మొత్తం విప్పించడం సంగతి. గాజులు, తలుపులు, ఇంజిన్, సీట్లు అన్నీ తీసేసి ఖాళీ రేకు మీద పాత రంగంతా ఒలిచి, కుళ్ళిన చోట్ల కోసి కొత్తవి వేసి, ప్రైమర్, రంగు, క్రోమ్ ప్లేటింగ్, కొత్త సీట్లు. ఫలితం చూడ్డానికి నిజంగా కన్నుల పండుగ. కానీ లక్షల్లో పని, అందులో ఎక్కువ భాగం రేకు మీద చెయ్యి పనికే పోతుంది, రంగుకి కాదు, పని ఎప్పటికి అవుతుందో మేస్త్రీకే తెలియదు, మధ్యలో డబ్బు ఆగిందంటే బండి ముక్కలు గోనె సంచుల్లో ఉండిపోతాయి. మన జిల్లాల్లో ఇలా సగంలో ఆగిన బండ్లు నేను చూసినవే ఉన్నాయి, అవి షెడ్డులో తుప్పు పడుతూ ఉన్న స్థితి కన్నా అన్యాయం. ఇంకో మాట, బండి బజారు ధర మీరు పెట్టిన ఖర్చుని అందుకుంటుందని లెక్క వేయకండి. తాతగారి మీద ప్రేమతో చేయిస్తే చేయించండి, లాభం కోసం అయితే వద్దు. విప్పించే దారి ఎవరికి సరిపడుతుందంటే, బాడీ మరీ పోయినవాళ్ళకి, లేదా బండి ఏదో అరుదైన రకం అయినవాళ్ళకి, డబ్బు మొత్తం ముందే పక్కన పెట్టుకున్నవాళ్ళకి, వారానికి ఒక్కసారైనా వర్క్‌షాపుకి వెళ్ళి నిలబడగలిగినవాళ్ళకి. అమెరికాలోనో బెంగుళూరులోనో ఉంటూ ఫోన్లో చేయిస్తాం అంటే ఎవరికీ కలిసి రాదు.

విప్పేటప్పుడు ప్రతి దశలో ఫోటోలు తీయండి, ప్రతి బోల్టూ ఏ చోటిదో రాసి విడి కవర్లో వేయించండి, తీసిన పాత సామాను పారేయనివ్వద్దు, వెనక్కి తెచ్చేసుకోండి. అడుగున నల్ల కోటింగ్ వేస్తామని చెబితే ముందు తుప్పు మొత్తం తీశారో లేదో కళ్ళతో చూశాకే వేయించండి, తుప్పు మీద కోటింగ్ వేస్తే తేమ లోపలే ఉండిపోయి ఇంకా తొందరగా తినేస్తుంది.

ఇంజిన్ మార్చే దారి గురించి కుర్రాళ్ళకి నచ్చని మాటే చెప్పాలి. ఏసీ, పవర్ స్టీరింగ్, కొత్త డీజిల్ ఇంజిన్, వినడానికి బాగుంటుంది, రోజూ ఆఫీసుకి వేసుకెళ్ళొచ్చు అనిపిస్తుంది. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇంజిన్ మార్చాలంటే ఆర్టీఓ అనుమతి కావాలి, సీబుక్కులో ఎక్కాలి, ఎక్కకుండా తిరిగితే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ వాళ్ళు చెయ్యి ఎత్తేయడానికి అదొక్కటీ చాలు. పైగా పాత బ్రేకులు, పాత కమాను కట్టలు ఆ కొత్త వేగానికి చేసినవి కావు. ఇంత చెప్పినా మార్చాల్సిందే అంటే, అంబాసిడర్లోనే 1993 నుంచి కంపెనీయే 1.8 లీటర్ ఇసుజు ఇంజిన్ వేసి ఇచ్చింది, ఏదో వ్యాన్ ఇంజిన్ తెచ్చి కోసి ఇరికించడం కన్నా అది ఎంతో నయం, ఆర్టీఓ దగ్గర అడిగాకే. తాతగారి ఒరిజినల్ ఇంజిన్ మాత్రం తుక్కుకి ఇవ్వకండి, ఆయిల్ పోసి గుడ్డ చుట్టి ఇంట్లో పెట్టుకోండి. ఒరిజినల్ ఇంజిన్ ఎందుకు ముఖ్యమో కాగితాల దగ్గరకి వచ్చాక ఇంకా బాగా అర్థమవుతుంది.

కాగితాలు. ఇది బోరు విషయం అనుకుని అందరూ చివరికి వదిలేస్తారు, నిజానికి మొదట చేయాల్సింది. తాతగారి బండి మనవడికి నేరుగా రాదు. వీలునామా లేకపోతే నాయనమ్మకి, కొడుకులకీ కూతుళ్ళకీ సమానంగా హక్కు, అంటే మీ నాన్న, బాబాయిలు, అత్తలు అందరూ. మీ పేరు మీదకి రావాలంటే వాళ్ళందరూ అభ్యంతరం లేదని రాసి ఇవ్వాలి. అత్తలు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు కదా వాళ్ళ సంతకం ఎందుకు అనేవాళ్ళు ఉంటారు, అది సరికాదు, ముందే మర్యాదగా అడిగి కాగితం రాయించుకోండి. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి అందరూ విజయనగరం వస్తారు కదా, సంతకాలకి అంతకన్నా మంచి సందర్భం దొరకదు. తాసిల్దార్ ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మరణ ధృవీకరణ పత్రం, సీబుక్కు, వీటితో ఫారం 31 పెట్టాలి. రూలు ప్రకారం యజమాని పోయిన 30 రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లో పేరు మార్పుకి దరఖాస్తు చేయాలి, ఎవరూ చేయరు, ఆలస్యమైనా చేయించుకోవచ్చు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. అంతకు ముందు కొన్న బండి అయితే విజయనగరం, భోగాపురం వాళ్ళ రికార్డు విశాఖపట్నంలో ఉంటుంది, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం వాళ్ళది శ్రీకాకుళంలో ఉంటుంది. 2022 ఏప్రిల్లో మళ్ళీ జిల్లాలు మారి రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాయి. కాబట్టి సీబుక్కు మీద ఏ ఆఫీసు ముద్ర ఉందో చూసి, ఆ రికార్డు కంప్యూటర్లోకి ఎక్కిందో లేదో ముందు కనుక్కోండి, ఎక్కకపోతే పాత రిజిస్టర్ చూసి ఎక్కించాకే మిగతా పని కదులుతుంది. సీబుక్కు పోయినా నంబరు ప్లేటు, ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు ఉంటే వెతికించొచ్చు, ఆ నంబర్లు ఉన్న రేకు మీద మేస్త్రీని సుత్తి గానీ రంగు గానీ పెట్టనివ్వకండి.

ఇక్కడ రెండు రకాల రిజిస్ట్రేషన్లలో ఏది కావాలో ఎంచుకోవాలి. ఒకటి మామూలు రెన్యువల్, ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి. 20 ఏళ్ళు దాటిన కారుకి 2025 ఆగస్టు నుంచి ఈ ఫీజు 10,000 రూపాయలు అయ్యింది, గడువు దాటిన ఆలస్యానికి నెలకి 500 చొప్పున అదనం, ఎన్నో ఏళ్ళు వదిలేసిన బండికి ఇదే పెద్ద మొత్తం అవుతుంది, ముందే లెక్క కట్టించుకోండి. రెండోది వింటేజ్ రిజిస్ట్రేషన్, 2021 జులైలో వచ్చిన రూల్సు. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటాలి, చాసిస్, బాడీ, ఇంజిన్ ఒరిజినల్‌గా ఉండాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్తగా అయితే 20,000, మళ్ళీ చేయించడానికి 5,000, పదేళ్ళు చెల్లుతుంది, ముందే రిజిస్టర్ అయిన బండి పాత నంబరు ఉంచుకోవచ్చు. కానీ రోజూ తిప్పడానికి కాదు, ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు కొట్టించడం, రిపేరు, అంతవరకే. మార్క్ 2 అంబాసిడర్లన్నీ దాదాపు ఆ 50 ఏళ్ళ గీత దాటేశాయి. ఇంజిన్ మార్చేసిన బండికి ఈ తలుపు మూసుకుపోయినట్టే. నా సలహా అయితే పండగలకీ పెళ్ళిళ్ళకీ ఇంట్లోవాళ్ళు తిరగాలంటే మామూలు రెన్యువల్ ఉంచుకోండి, ఫిట్‌నెస్‌కి వెళ్ళాలి అనే వంకతో అయినా బ్రేకులు చూపిస్తారు. బండి ఎలాగూ ఏడాదికి రెండు మూడుసార్లే కదుపుతారు, నంబరు, రూపం కాపాడితే చాలు అనుకుంటే వింటేజ్‌కి వెళ్ళండి. ఇన్సూరెన్స్‌కి భయపడక్కర్లేదు, 1489 సీసీ అంటే 1000 నుంచి 1500 సీసీ వరసలోకి వస్తుంది, థర్డ్ పార్టీ 2022 రేటు ప్రకారం ఏడాదికి 3,416, పైన జీఎస్టీ. ఫుల్ ఇన్సూరెన్స్ అయితే ఐదేళ్ళు దాటిన బండికి విలువ మీరూ కంపెనీ మాట్లాడుకుని వేసుకునేదే, ఫోటోలు, బిల్లులు చూపించి గట్టిగా అడగండి, వాళ్ళు వేసిన మొదటి అంకెకి తల ఊపేయకండి.

పని ఎక్కడ చేయించాలి అంటే, మెకానికల్ పని మన దగ్గరే బాగా అవుతుంది. ఈ ఇంజిన్ల మీద చెయ్యి తిరిగిన పాత మెకానిక్కులు ఇంకా ఉన్నారు, కుర్ర మెకానిక్కులకి స్కానర్ పెట్టడం తెలుసు గానీ పాయింట్లు సర్దడం, కార్బురేటర్ ట్యూనింగు తెలీదు, కాబట్టి పెద్దాయన్నే పట్టుకోండి, ఆయన చేతి కింద ఒక కుర్రాడు ఉంటే మరీ మంచిది, రేపు మళ్ళీ ఎవరో ఒకరు చూడాలి కదా. రేకు కోసి వేసే పనికి సాలూరు లాంటి లారీల ఊళ్ళో వెల్డింగ్ బాగా వచ్చినవాళ్ళున్నారు, అయితే లారీ రేకు మందం వేరు, కారు రేకు పల్చన, కారు పని చేసిన అనుభవం ఉందా అని అడిగి, చేసిన బండి ఒకటి చూసి అప్పుడు ఇవ్వండి. ఫైనల్ రంగు మాత్రం దుమ్ము లేని బూత్ కావాలి, దానికి విశాఖ వెళ్ళడం మేలు. సామాన్లకి విశాఖ ఆటోనగర్ ఒకటి, దొరకనివి కలకత్తా మల్లిక్‌బజార్లో దొరుకుతాయి, హౌరా లైను మన పలాస, శ్రీకాకుళం రోడ్, విజయనగరం మీదుగానే కదా, మెకానిక్కుని వెంటబెట్టుకుని ఒకసారి వెళ్ళి లిస్టు మొత్తం తెచ్చుకోవడం, ఒక్కొక్కటీ పార్సిల్ తెప్పించుకోవడం కన్నా మంచిది, పాత ముక్క చేతిలో పెట్టుకుని పక్కన పెట్టి చూసి కొనొచ్చు.

ఏదీ తేలకపోయినా ఈ వారమే చేయగలిగింది ఒకటుంది. బండి మట్టి నేల మీద ఉంటే సిమెంటు నేల మీదకి మార్చండి, చక్రాలు నేలకి ఆనకుండా స్టాండ్ల మీద ఎత్తండి, ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పి ఉంటే తీసేసి నూలు గుడ్డ కవర్ వేయండి. టార్పాలిన్ కింద తేమ బయటికి పోలేక రాత్రికి రాత్రి రేకు మీద నీళ్ళు పడుతుంది, సముద్రం పక్కన ఇది మరీ ఘోరం. బ్యాటరీ తీసేయండి. తలుపుల గాజులు ఒక వేలు మందం దించి ఉంచితే లోపల గాలి ఆడుతుంది, ఎలకలు దూరకుండా సైలెన్సర్ గొట్టానికి జాలీ కట్టండి. ఈ పని చేస్తే నిర్ణయానికి ఇంకో ఏడాది తీసుకున్నా బండికి పెద్దగా నష్టం ఉండదు.

అమ్మడం గురించి కూడా మనసులో తప్పు పెట్టుకోకండి. ఇంట్లో నడిపేవాళ్ళు లేరు, పెట్టుకోవడానికి చోటు లేదు, బాడీ పోయింది, డబ్బు లేదు, వీటిలో రెండు నిజమైతే బండిని ప్రేమగా చూసుకునేవాళ్ళకి ఇవ్వడమే తాతగారికి చేసే గౌరవం. తుక్కు వాళ్ళకి కేజీల లెక్కన మాత్రం ఇవ్వకండి, మీ బండి ఒళ్ళు పోయినా గేర్‌బాక్సు, మీటర్లు, లైట్లు, గాజులు, బంపర్లు ఇంకో అంబాసిడర్‌ని బతికిస్తాయి, అలా వెతుకుతున్నవాళ్ళు ఉన్నారు. అమ్మే ముందు రంగు కొట్టించొద్దు, పాత బండ్లు తెలిసినవాళ్ళు కొత్త రంగు చూస్తే కింద ఏం దాచారో అనుకుంటారు, ఉన్నది ఉన్నట్టు, ఎక్కడ తుప్పుందో మీరే చూపించి చెప్పండి. ముందు వారసుల పేరు మీదకి మార్పించుకుని ఆ తర్వాతే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టాలి, చనిపోయిన తాతగారి పేరు మీదే చేతులు మారిన బండి రేపు ఎక్కడ ఏం చేసినా నోటీసు మీ ఇంటికే వస్తుంది. బండితో పాటు హ్యాండిల్, టూల్ కిట్, జాకీ, పాత బిల్లులు, ఉంటే మాన్యువల్ అన్నీ ఇచ్చేయండి, అవి ఉంటే కొనేవాళ్ళు ధర కూడా బాగా ఇస్తారు. కొన్నవాళ్ళ పేరు ఎక్కిన సీబుక్కు కాపీ ఒకటి తెప్పించుకుని మీ దగ్గర ఉంచుకోండి.